'థింక్' అంటే అనుకోవడమా, ఆలోచించడమా? అర్థాలు, పర్యాయపదాలు, వాడుకపై సమగ్ర మార్గదర్శి

'ఐ పాండర్ దట్ ట్రాఫిక్ ఈజ్ ఎ బిగ్ ప్రాబ్లమ్.' ఇంగ్లిష్ ఎంత వచ్చో కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నవాళ్ల వ్యాసాల్లో ఇలాంటి వాక్యాలు దొర్లుతుంటాయి. రాసినవాళ్ల కష్టం అర్థం చేసుకోదగ్గదే. ఒకే పేజీలో 'ఐ థింక్' అని నాలుగోసారి రాయడానికి చెయ్యి రాలేదు. పైగా ఆ పరీక్ష రైటింగ్‌లో నాలుగో వంతు మార్కులు పదసంపదకే ఉంటాయి. దాంతో పర్యాయపదాల జాబితాలోంచి బరువైన మాట ఒకటి తీసి పెట్టేశారు. కానీ 'పాండర్' అంటే ఒక విషయాన్ని తీరిగ్గా, లోతుగా ఆలోచించడం. ట్రాఫిక్ పెద్ద సమస్య అని మనం అనుకుంటాం, అంతే. అందులో లోతుగా ఆలోచించేదేమీ లేదు.

జాబితాలు బట్టీ పడితే వచ్చే చిక్కు ఇదే. థిసారస్‌లో, అంటే పర్యాయపదాల కోశంలో, 'థింక్' కింద ఇచ్చే మాటలన్నీ 'థింక్'కు చుట్టాలే, కానీ అవి ఒకదానికొకటి చుట్టాలు కావు. పీటర్ మార్క్ రోజే అనే బ్రిటిష్ డాక్టరు 1852లో తన థిసారస్ అచ్చువేసినప్పుడు మాటల్ని అక్షరక్రమంలో కాకుండా భావాలవారీగా పేర్చాడు. చెప్పాల్సిన భావం మనసులో ఉండి, దానికి సరైన మాట కోసం తడుముకునేవాళ్లకు పనికొచ్చే ఏర్పాటు అది. మనం దాన్ని తిరగేసి, ముందు మాట పట్టుకుని తర్వాత భావం వెతుకుతున్నాం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ ఒక్క క్రియలో కుక్కేసిన అర్థాలకు మన దగ్గర విడివిడిగా క్రియలున్నాయి: అనుకోవడం, ఆలోచించడం, అనిపించడం, తట్టడం, గుర్తు రావడం, ఊహించడం. కాబట్టి ముందు మీ నోటికి తెలుగులో ఏ క్రియ వస్తుందో గమనించండి. ఇంగ్లిష్ మాట సంగతి తర్వాత.

మొదటి మెట్టు: అనుకుంటున్నారా, ఆలోచిస్తున్నారా?

సగం తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

'అతను చెప్పింది కరెక్టే అనుకుంటున్నా' అనేది అభిప్రాయం. ఇంగ్లిష్‌లో 'ఐ థింక్ హి ఈజ్ రైట్'. ఈ అర్థంలో 'ఐయామ్ థింకింగ్ హి ఈజ్ రైట్' అనకూడదు. మనవాళ్లు అలా ఎందుకంటారో ఊహించడం కష్టం కాదు. తెలుగులో 'అనుకుంటున్నా' అనే రూపం ఉంది కదా, అందులోని '-తున్నా' ఇంగ్లిష్‌లోకి 'ఇంగ్' అయి దిగుతుంది.

'ఉద్యోగం మారడం గురించి ఆలోచిస్తున్నా' అంటే బుర్రలో ఒక పని జరుగుతోంది. ఇది 'ఐయామ్ థింకింగ్ అబౌట్ చేంజింగ్ జాబ్స్'. ఇక్కడ 'ఇంగ్' ఉండి తీరాలి.

మధ్యలో మూడోది ఒకటుంది. 'ఈ ఎండాకాలం అరకు వెళ్దామనుకుంటున్నాం.' క్రియ 'అనుకోవడమే', కానీ చెప్పేది అభిప్రాయం కాదు, ఉద్దేశం. కాబట్టి 'వి ఆర్ థింకింగ్ ఆఫ్ గోయింగ్ టు అరకు'. 'థింకింగ్ టు గో' అనేది తెలుగు 'వెళ్లాలని'కి మక్కికి మక్కి తర్జుమా, అలా అనరు.

ఈ మూడింటినీ విడదీయడానికి ఒక చిట్కా చెప్తాను. 'అనుకోవడం'కు ముందున్న మాట చూడండి. 'వస్తాడని', 'బాగుందని' లాంటివి ఉంటే అది అభిప్రాయం, మామూలు 'థింక్' సరిపోతుంది. 'వెళ్దామని', 'కొందామని', 'చెప్పాలని' ఉంటే అది ఉద్దేశం, 'థింకింగ్ ఆఫ్' పెట్టండి. 'గురించి' ఉండి 'ఆలోచించడం' వస్తే 'థింకింగ్ అబౌట్'. ఉద్దేశం గట్టిపడి టికెట్లు కూడా బుక్ చేసేశారనుకోండి, అప్పుడది 'థింకింగ్ ఆఫ్' స్థాయి దాటి 'ప్లానింగ్ టు' అవుతుంది.

ప్రశ్నల్లోనూ ఇదే తేడా. 'వాట్ డు యు థింక్?' అంటే 'మీరేమంటారు?' అని. 'వాట్ ఆర్ యు థింకింగ్?' అంటే 'ఏం ఆలోచిస్తున్నావ్?' అని. దాన్నే భూతకాలంలోకి మార్చి, కాస్త గొంతు పెంచి 'వాట్ వర్ యు థింకింగ్?' అంటే 'అసలు బుద్ధుండే చేశావా ఈ పని?' అని అర్థం. అమెరికా మేనేజర్ నోట ఇది వినిపిస్తే జవాబుగా మీ ఆలోచనలు వివరించడం మొదలుపెట్టకండి.

భూతకాలంలో ఇంకో చిన్న జాగ్రత్త. 'వాడు వస్తాడనుకున్నా' అన్నప్పుడు తెలుగులో 'వస్తాడు' మారదు. ఇంగ్లిష్‌లో మారుతుంది: 'ఐ థాట్ హి వుడ్ కమ్'. 'విల్' అక్కడ కుదరదు.

రెండో మెట్టు: తట్టడం, గుర్తు రావడం, అనిపించడం

'ఆ సంగతి నాకు తట్టలేదు' అనాలంటే 'ఐ డిడ్‌న్ట్ థింక్ ఆఫ్ దట్'. దీనికి దగ్గరి పర్యాయపదం 'అకర్': 'ఇట్ డిడ్‌న్ట్ అకర్ టు మి'. గమనించారా, ఇందులో 'నేను' లేదు, 'నాకు' ఉంది, అచ్చం తెలుగులో లాగే. ఠక్కున తట్టితే 'ఇట్ స్ట్రక్ మి'. తెలుగువాళ్లకు ఈ రెండూ సులువుగా నోటికెక్కుతాయి, అయినా ఎందుకో తక్కువ వాడతాం.

'అతని పేరు గుర్తు రావట్లేదు' అన్నచోట కూడా ఇంగ్లిష్‌వాళ్లు 'ఐ కాంట్ థింక్ ఆఫ్ హిజ్ నేమ్' అంటారు. ఇక్కడ 'థింక్'కు బదులు 'రిమెంబర్', 'రికాల్' పెట్టొచ్చు. 'కన్సిడర్' మాత్రం పెట్టలేం.

'నాకెందుకో అనిపిస్తోంది' అంటే 'ఇట్ సీమ్స్ టు మి', లేదా 'ఐ ఫీల్'. దీని వెనక ఒక ముచ్చట ఉంది. పాత ఇంగ్లిష్‌లో 'ఆలోచించు' అనే అర్థంలో ఒక క్రియ, 'తోచు' అనే అర్థంలో ఇంకో క్రియ వేర్వేరుగా ఉండేవి. ఉచ్చారణలు దగ్గరగా ఉండటంతో కాలక్రమంలో రెండూ కలిసిపోయి ఇవాళ్టి 'థింక్' మిగిలింది. పాత నాటకాల్లో కనిపించే 'మీథింక్స్' ఆ రెండో క్రియ తాలూకు అవశేషం. దాని అసలు అర్థం 'నేను ఆలోచిస్తున్నాను' కాదు, 'నాకు తోస్తోంది'. జర్మన్‌లో ఆ రెండు క్రియలూ ఇప్పటికీ విడిగానే ఉన్నాయి.

'జస్ట్ థింక్!' అంటే 'ఊహించుకో!' అని. ఇక్కడ 'ఇమాజిన్', 'పిక్చర్' సరిపోతాయి.

మూడో మెట్టు: వెనకాల చేరే చిన్న మాటలు

'థింక్ ఓవర్' అంటే నిర్ణయం చెప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవడం. 'థింక్ త్రూ' అంటే ఈ పని చేస్తే ఆ తర్వాత ఏమవుతుంది, దాని తర్వాత ఏమవుతుంది అని చివరిదాకా చూసుకోవడం. 'థింక్ అప్' అంటే కల్పించడం, సాకు గానీ పథకం గానీ. 'థింక్ హైలీ ఆఫ్' అంటే ఒకరి మీద మంచి గౌరవం ఉండటం. 'థింక్ నథింగ్ ఆఫ్ ఇట్' అనేది థాంక్స్ చెప్పినవాళ్లకు 'అయ్యో, దానిదేముందండీ' అని ఇచ్చే జవాబు.

మోసం చేసేది 'థింక్ బెటర్ ఆఫ్ ఇట్'. చూడగానే 'దాని గురించి ఇంకా గొప్పగా అనుకోవడం' అనిపిస్తుంది. నిజానికి చేయబోయిన పని మంచిది కాదనిపించి ఆగిపోవడం. కోపంగా మెయిల్ టైప్ చేసి, 'సెండ్' నొక్కబోయి, ఎందుకొచ్చిందిలే అని డిలీట్ చేశారనుకోండి, అదీ 'ఐ థాట్ బెటర్ ఆఫ్ ఇట్'.

'లెట్ మి థింక్ అబౌట్ ఇట్' గురించి కూడా చెప్పుకోవాలి. క్లయింట్ ఈ మాటంటే మన 'చూద్దాంలెండి'తో సమానం కావచ్చు. నిజంగా ఆలోచించే ఉద్దేశం ఉన్నవాళ్లు సాధారణంగా ఎప్పటికల్లా చెప్తారో కూడా కలిపి చెప్తారు.

నాలుగో మెట్టు: 'కాదు' ఎక్కడ పెట్టాలి?

'వాడు రాడనుకుంటా.' తెలుగులో కాదనడం రావడం మీద పడింది, అనుకోవడం మీద పడలేదు. ఇంగ్లిష్‌లో మాటల సహజధోరణి దీనికి తిరగబడి ఉంటుంది: 'ఐ డోంట్ థింక్ హి విల్ కమ్'. 'ఐ థింక్ హి విల్ నాట్ కమ్' వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, కానీ వినేవాళ్లకు కాస్త కటువుగా, నొక్కి చెప్తున్నట్టు ఉంటుంది. 'బిలీవ్', 'సపోజ్', 'ఎక్స్‌పెక్ట్' కూడా ఇదే దారి. 'హోప్' మాత్రం ఈ దారిలో రాదు. 'వాడు రాకూడదని ఆశ' అనాలంటే 'ఐ హోప్ హి డజన్ట్ కమ్' అనే అనాలి.

పొట్టి జవాబులకు 'సో' కావాలి. 'వచ్చాడా?' అంటే 'వచ్చాడనుకుంటా', అంటే 'ఐ థింక్ సో'. 'ఐ థింక్ యెస్' అనరు. 'లేదనుకుంటా' అంటే 'ఐ డోంట్ థింక్ సో'. అయితే మీటింగ్‌లో పెద్దవాళ్లు ఒక మాట చెప్పాక 'ఐ డోంట్ థింక్ సో' అంటే 'కాదండీ, మీరు చెప్పింది తప్పు' అన్నట్టే వినిపిస్తుంది. 'ఐయామ్ నాట్ సో ష్యూర్' అంటే మెత్తగా ఉంటుంది.

'ఈ డిజైన్ ఎలా అనిపిస్తోంది?' అని అడగాల్సి వచ్చినప్పుడు మన 'ఎలా' కాస్తా 'హౌ' అయిపోయి 'హౌ డు యు థింక్ అబౌట్ దిస్?' వస్తుంది. 'వాట్ డు యు థింక్ ఆఫ్ దిస్?' అనండి. 'హౌ' వాడాలని మనసు లాగితే 'హౌ డు యు ఫీల్ అబౌట్ దిస్?' ఉంది.

ఐదో మెట్టు: ఎంత నమ్మకంగా అనుకుంటున్నారు?

ఇప్పుడు పర్యాయపదాల దగ్గరికి వచ్చాం. అభిప్రాయం చెప్పే 'థింక్'కు బదులు ఏ మాట పెట్టాలన్నది మీకు ఎంత నమ్మకముందో దాన్ని బట్టి ఉంటుంది.

'ఐ గెస్' గాల్లో రాయి. అమెరికన్ల మాటల్లో ఎక్కువ, రాతలో వద్దు. 'ఐ సపోజ్'లో కొంచెం అయిష్టం ఉంటుంది: 'సరేలే, అంతే అయ్యుంటుంది'. 'ఐ రెకన్' బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో మామూలు మాటల్లో వినిపిస్తుంది. దాని అసలు అర్థం లెక్కపెట్టడం, అంటే మన 'నా లెక్క ప్రకారం' అన్నమాట. 'అజ్యూమ్' అంటే రుజువు చూసుకోకుండానే అలాగే అయ్యుంటుందని అనేసుకోవడం. 'ప్రిజ్యూమ్'లో కొంత ఆధారం ఉంటుంది.

'ఐ బిలీవ్' విషయంలో తెలుగువాళ్లు ఎక్కువ బరువు వేస్తారు. 'ఐ బిలీవ్ ద మీటింగ్ ఈజ్ ఎట్ టెన్' అంటే 'మీటింగ్ పదింటికని నమ్ముతున్నాను' కాదు, 'పదింటికే అనుకుంటానండీ' అంతే. దేవుణ్ణో, ఒక సిద్ధాంతాన్నో నమ్మడానికి 'బిలీవ్ ఇన్' కావాలి.

ఇక అసలైన గోతి 'సస్పెక్ట్', 'డౌట్'. తెలుగులో 'డౌట్' అనే మాట ఎప్పుడో మనదైపోయింది. 'నాకు డౌటే, వాడు అబద్ధం చెప్తున్నాడని' అంటాం. అంటే వాడు అబద్ధం చెప్తున్నాడని మన అనుమానం. దీన్నే ఇంగ్లిష్‌లో 'ఐ డౌట్ దట్ హి ఈజ్ లయింగ్' అన్నారనుకోండి, ఎదుటివాళ్లకు పూర్తిగా తిరగబడిన అర్థం వెళ్తుంది: 'వాడు అబద్ధం చెప్తున్నాడంటే నేను నమ్మను'. మనం అనుకున్న అర్థం రావాలంటే 'ఐ సస్పెక్ట్ హి ఈజ్ లయింగ్'. 'సస్పెక్ట్' అంటే అలా జరుగుతోందేమోనని అనుకోవడం. 'డౌట్' అంటే అలా జరగట్లేదని అనుకోవడం. ఆఫీసు మెయిల్లో 'ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్' అని రాస్తే, అవతలివాళ్లు 'సర్వర్ బాగానే ఉందట' అనుకుని వేరేచోట లోపం వెతుకుతూ కూర్చుంటారు. క్లాసులో చెయ్యెత్తి అడిగే 'ఐ హావ్ ఎ డౌట్' మనదేశంలో అందరికీ అర్థమవుతుంది గానీ, బయట 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అంటేనే తేలిక.

ఆరో మెట్టు: ఎంత లోతుగా, ఏ మూడ్‌లో?

ఇది 'ఆలోచించడం' వైపు బృందం. ముందు ఒక పరీక్ష: చాలావరకు ఈ క్రియల తర్వాత 'దట్' పెట్టి అభిప్రాయం చెప్పలేం. 'థింక్ దట్', 'బిలీవ్ దట్', 'సస్పెక్ట్ దట్' కుదురుతాయి. 'పాండర్ దట్', 'మల్ ఓవర్ దట్', 'బ్రూడ్ దట్' కుదరవు. మొదట్లో చూసిన ట్రాఫిక్ వాక్యం తేలిపోయింది ఇక్కడే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లాంటి లెర్నర్స్ డిక్షనరీలు ఏ క్రియ తర్వాత ఏమొస్తుందో ఉదాహరణలతో చూపిస్తాయి. అర్థం చూసి మూసెయ్యకుండా ఆ ఉదాహరణలు చదవండి.

'కన్సిడర్' రెండు వైపులా తిరిగే మాట. నిర్ణయం కోసం పరిశీలించడం ఒక అర్థం, 'ఫలానాగా భావించడం' ఇంకో అర్థం. దీని వెనక 'అబౌట్' రాదు. 'కన్సిడర్ అబౌట్ ఇట్' అనేది 'గురించి' తెచ్చిన తంటా. 'టు' కూడా రాదు: 'కన్సిడర్ మూవింగ్' అనాలి, 'కన్సిడర్ టు మూవ్' కాదు.

'పాండర్' అనే మాట లాటిన్‌లో తూచడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. 'మల్ ఓవర్' అంటే తొందరలేకుండా కొన్నాళ్లు మనసులో తిప్పుకోవడం. 'డెలిబరేట్' కమిటీలు, జ్యూరీలు చేసేది, ఇంట్లో కూర ఏం చేయాలన్నదానికి ఈ మాట వాడితే నవ్వుతారు. 'కాంటెంప్లేట్'కు ధ్యానంగా చూడటం అనే అర్థమే కాదు, చేద్దామా అని ఆలోచించడం అనే అర్థమూ ఉంది. రాజీనామా గురించి వార్తల్లో కనిపించేది ఈ రెండో అర్థమే. 'రిఫ్లెక్ట్ ఆన్' ఎక్కువగా జరిగిపోయినదాన్ని తిరిగి చూసుకోవడానికి.

'రూమినేట్' దగ్గర తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట పశువులు నెమరువేయడం నుంచి వచ్చిందే, మన 'నెమరువేసుకోవడం' లాగే. కానీ మనం నెమరువేసుకునేవి చిన్ననాటి ముచ్చట్లు, అమ్మమ్మ ఊరు. ఇంగ్లిష్ 'రూమినేట్' ఉత్త దీర్ఘాలోచన కావచ్చు, లేదా అయిపోయిన చేదునే పదేపదే తిప్పుకోవడం కావచ్చు. మానసిక వైద్యులు 'రూమినేషన్' అనేది ఈ రెండోదాన్నే, డిప్రెషన్ లక్షణాల ప్రస్తావనలో తరచూ వచ్చే మాట అది. తీపి జ్ఞాపకాలకు 'రెమినిస్' వాడండి. 'బ్రూడ్' అంటే కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు ఒకే బాధ మీద కూర్చుని కుమలడం. ఈ మధ్య కుర్రాళ్ల తెలుగులోకి 'ఓవర్‌థింక్ చెయ్యకు' కూడా వచ్చేసింది. 'లేనిపోనివి ఆలోచించి టెన్షన్ పడకు' అనే ఆ అర్థం ఇంగ్లిష్‌లోనూ అంతే.

ఏడో మెట్టు: నామవాచకాలు

'ఆలోచనలో పడ్డాడు' అంటే 'లాస్ట్ ఇన్ థాట్'. 'ఒక ఉపాయం తట్టింది' అంటే 'ఐ హావ్ యాన్ ఐడియా'. ఈ రెంటినీ తారుమారు చేయలేం. 'నోషన్' అంటే సరైన ఆధారం లేని అభిప్రాయం, రాసేవాడికి దాని మీద పెద్ద గౌరవం లేదని ఆ మాటలోనే తెలిసిపోతుంది. 'కాన్సెప్ట్' పాఠాల్లో చెప్పుకునే భావన. 'హంచ్' అంటే కారణం చెప్పలేకపోయినా మనసుకు గట్టిగా అనిపించడం. 'ఇంక్లింగ్' అంటే లీలగా అందిన సూచన, ఎక్కువగా 'లేదు'తోనే వస్తుంది: 'ఐ డిడ్‌న్ట్ హావ్ యాన్ ఇంక్లింగ్', అంటే లేశమైనా తెలియదు.

'సెకండ్ థాట్స్' అంటే రెండో ఆలోచన కాదు, ముందు ఒప్పుకున్నదాని మీద వెనకాడటం. 'థాట్‌ఫుల్' అంటే ఆలోచనాపరుడు అనే కాదు, ఎదుటివాళ్ల అవసరం కనిపెట్టి మసలుకునేవాడని కూడా. జ్వరంగా ఉన్నప్పుడు పక్కింటావిడ అడక్కుండానే చారు పంపిస్తే 'దట్స్ వెరీ థాట్‌ఫుల్ ఆఫ్ యు' అనేది ఆ అర్థంలోనే.

ఎనిమిదో మెట్టు: ఎక్కడ రాస్తున్నారు?

పేపర్లలో 'అభిప్రాయపడ్డారు' అన్నచోటల్లా ఇంగ్లిష్ పత్రికలు 'ఒపైన్డ్' వాడతాయి. ఆ మాటను వార్తలకే వదిలేయండి, మామూలు వ్యాసంలో ఎబ్బెట్టుగా ఉంటుంది. కోర్టు వార్తల్లో 'హెల్డ్' అంటే న్యాయస్థానం తేల్చి చెప్పిందని, 'అబ్జర్వ్‌డ్' అంటే వ్యాఖ్యానించిందని. ఈ రెండూ కలిపేస్తే వార్తే మారిపోతుంది.

'డీమ్' మనకు బాగా తెలిసిన మాటే, డీమ్డ్ యూనివర్సిటీల పుణ్యమా అని. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం, 1956లోని మూడో సెక్షన్ కింద కేంద్రం ఒక విద్యాసంస్థను విశ్వవిద్యాలయంతో సమానంగా పరిగణిస్తున్నట్టు ప్రకటిస్తుంది. విశాఖలోని గీతం అలాంటిదే. 'డీమ్' అంటే ఆ 'పరిగణించడం'. రూల్స్‌లో, ఒప్పందాల్లో బాగుంటుంది, స్నేహితుడికి పెట్టే మెసేజ్‌లో కాదు.

పరీక్షలు రాసేవాళ్లకు నా సలహా కొంచెం నిరాశ కలిగించవచ్చు. 'ఐ థింక్'కు పది ప్రత్యామ్నాయాలు వెతక్కండి, నాలుగింట మూడు చోట్ల దాన్ని కొట్టేయండి. 'ట్రాఫిక్ ఈజ్ ఎ సీరియస్ ప్రాబ్లమ్' అని నేరుగా రాస్తే అది మీ అభిప్రాయమేనని చదివేవాళ్లకు తెలుసు. మొదట్లో ఒకసారి 'ఇన్ మై వ్యూ' చాలు. విదేశాల్లో పీజీ సీట్ల కోసం రాసే జీఆర్ఈ పరీక్షలో ఆరు మాటలిచ్చి ఒకే అర్థమొచ్చే రెండు ఎంచుకోమనే ప్రశ్నలకు మాత్రం పైన చెప్పిన తేడాలన్నీ కావాలి.

సాధన

ఒకరోజంతా మీ నోటి నుంచి వచ్చే 'అనుకుంటా', 'అనిపిస్తోంది', 'తట్టింది', 'ఆలోచిస్తా' గమనించి, రాత్రికి వాటిలో ఐదారింటిని ఇంగ్లిష్‌లో రాయండి. అలవాటు కోసం ఇవి ప్రయత్నించండి, జవాబులు ఆ వెంటే ఉన్నాయి: 'స్కూటీ కొందామనుకుంటున్నా.' 'బ్యాంకు ఇవాళ లేదనుకుంటా.' 'నిన్ను అడగాలని తట్టనే లేదు.' 'ఆయనంటే మా ఆఫీసులో అందరికీ మంచి గౌరవం.' 'ఫోన్ ఎవరో కొట్టేశారని నా డౌటు.'

మొదటిది ఉద్దేశం: 'ఐయామ్ థింకింగ్ ఆఫ్ బయింగ్ ఎ స్కూటీ'. రెండోదాంట్లో 'కాదు' ముందుకు జరగాలి: 'ఐ డోంట్ థింక్ ద బ్యాంక్ ఈజ్ ఓపెన్ టుడే'. మూడోది 'ఇట్ నెవర్ అకర్‌డ్ టు మి టు ఆస్క్ యు'. నాలుగోది 'ఎవ్రీవన్ ఇన్ అవర్ ఆఫీస్ థింక్స్ హైలీ ఆఫ్ హిమ్'. ఐదోది 'ఐ సస్పెక్ట్ సంవన్ స్టోల్ ద ఫోన్'. అందులో 'డౌట్' రాసినవాళ్లు ఐదో మెట్టు మళ్లీ ఒకసారి చదవండి.